వాలుగ దవడ

పొందూరు ఖాదీ సంఘం మెట్ల మీద
శుక్రవారం పొద్దున్న
నూలు చిలపలు తూయించుకోడానికొచ్చి
ఇరవైమంది ఆడవాళ్లు ఒక్కసారే మాట్లాడుతుంటే
ఇరవైయొకటో మనిషి దమయంతి.

లెక్క రాసేవాణ్ని నేను.
ఆమె వంతొచ్చేసరికి కలం దానంతటదే మెల్లబడేది.
చిలపలు కాటాలో పెట్టి, ఓ పక్కకి జరిగి,
నా మొహంకేసి ఒక్కసారి చూసి
"రాత్రి నిద్ర నేదు కదా, బాబూ" అనేది.
ఎందుకు లేదో అడిగేది కాదు.
అడక్కుండానే తెలుసేమోనని
నాకు లోపల చిన్న భయం.

పెళ్లిళ్లకి వెళ్తుంది, మానేస్తే గర్వమంటారని.
వడ్డన పంక్తి చివర నిలబడి
ఎవరు ముద్ద మింగలేకపోయారో చూసుకుంటుంది.
మర్నాడు తలుపేసుకుంటుంది.
రాట్నం ఒక్కటే తిరుగుతుంటుంది ఆ ఇంట్లో.
"దానికి పొగరు" అని ఆడపడుచు.
"గాలి సోకినాది" అని ఎదురింటి గున్నమ్మ.
"ఏటే, నోరిప్పితే ముత్తేలు రాలిపోతాయేటి?"
అని చిలప చిలపకీ ఎవరో ఒకరు.

ఓసారి శ్రీకాకుళం కాలేజీ నుంచి
కాయితాల కట్టతో ఒకమ్మాయొచ్చింది.
అరవై ప్రశ్నలు.
జనంలో ఉంటే అలసటా, ఒంటరిగా ఉంటే అలసటా,
ఎదుటివాళ్ల ఏడుపు మీకు ముందే తెలుస్తుందా.
కూడికలేవో వేసుకుని
"మీలాంటివాళ్లు నూటికొకరండీ, అదీ కష్టమే" అని
నాలుగక్షరాల పేరేదో చెప్పింది.
దమయంతి చాలాసేపు ఆలోచించి
"మిగతావోలు ఏ ఊర్లో ఉంతారమ్మా?" అంది.
ఆ అమ్మాయి నవ్వింది.
దమయంతి నవ్వలేదు.
ఊరు పేరు చెప్తే
ఆ మధ్యాహ్నమే బస్సెక్కేట్టుంది.

పత్తిని దువ్వేది వాలుగ చేప దవడతో.
గోదారి వైపు నుంచి వస్తుంది, ఎండబెట్టి.
నీళ్లలో బతికినన్నాళ్లూ అదేం మాట్లాడిందో
ఎవరికీ తెలీదు.
ఇప్పుడా సన్నని పళ్లు
గింజని పట్టుకున్న పోగుల్ని
నలక రాల్చి, తెంపకుండా
ఒక్కొక్కటే విడదీస్తాయి.

ఆమె వినడమూ అంతే.
మధ్యాహ్నాలు పెరటి గుమ్మంలోంచి వచ్చేవారు,
అప్పుల్లో మునిగినవాళ్లు, అత్తతో పడలేనివాళ్లు,
కొడుకు సారా అలవాటు దాచుకోలేని సింహాచలమ్మ.
చిక్కులు తెచ్చి ఏకులు పట్టుకెళ్లేవారు.
రాలిన నలకంతా
ఆమె ఎక్కడ ఊడ్చిపోస్తుందో
ఒక్కరూ అడిగినట్టు లేదు. నేనూ అడగలేదు.

ఒక వానపూట, సంఘం తాళం వేసే వేళ,
చూరు కింద నిలబడి నాకొక మాట చెప్పింది.
నాకు తెలిసి
ఆమె తన గురించి చెప్పిన మాట అదొక్కటే.
ఏకులు ఎండిన అరటిపట్టలో దాచుకున్నట్టు
ఎన్నేళ్లు దాచుకుందో.

టీకొట్టు దగ్గర ఇద్దరికి చెప్పాను.
చెడ్డ బుద్ధితో కాదు. వింతగా ఉందని.
ఆ మాటేమిటో ఇక్కడా రాయను,
ఒకసారి చాలు.

తర్వాతి శుక్రవారం
చిలపలు కాటాలో పెట్టి, ఓ పక్కకి జరిగి,
కాటా ముల్లునే చూసింది.
కోపం లేదు. తిట్టు లేదు.
నూలు అదే నూరో నంబరు, బరువు అదే.
తలుపు దడాల్న వేస్తే ఊరంతటికీ వినబడును.
గడియ పడ్డ చప్పుడు
నాకొక్కడికే వినబడింది.

నాలుగేళ్లయింది.
అవతలివాళ్ల కాళ్లు పట్టుకునైనా సరే
రాజీ కుదిర్చే మనిషి,
తన విషయానికొస్తే ఇంత రాయేమిటా అని
మొదట్లో ఉడుక్కున్నాను.
ఆ తర్వాత, వేరే పని లేక,
మొహాలు చూడ్డం నేర్చుకున్నాను.
కష్టమైన పని. సాయంత్రానికి ఒళ్లు పులిసిపోతుంది.

మొన్న శుక్రవారం ఆమె కళ్ల కింద
రెండు నీలి గీతలు.
నిద్ర లేదు.
ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది.
అనడానికి నాకిప్పుడేం హక్కుంది.

చిలపల లెక్క మెల్లగా రాశాను.
వెనకున్నవాళ్లు విసుక్కుంటున్నా
ఇరవైయొకటో పేరు దగ్గర
సిరా ఆరేదాకా ఊదుతూ కూర్చున్నాను.